ఓటు ఎక్కువైతే న్యాయము జరిగినట్లేనా?



మా ప్రాంతములో ఎన్నికల మాట లేని టీ అంగడి లేదు. కాంగ్రెసు, బి.జె.పి., జనతాదళ్ మూడు పార్టీలకూ ఇక్కడ మనుషులున్నారు. ఎవరు గెలుస్తారని అందరమూ మాట్లాడుకొంటాము. అయితే ఒక పార్టీ తన లోపల తన నాయకుని ఎట్లు ఎన్నుకొంటుంది, ఆ సభలో ఓటు ఎవరికి ఉన్నది, ఆ ఓటును ఎట్లు లెక్కిస్తారు అని అడిగేవారు తక్కువ. అది పార్టీవారి ఇంటి సంగతి, మనకెందుకు అని కొందరు అనవచ్చును. మనము బాప్టిస్టులము. పైనుండి వచ్చే ఆజ్ఞతో గాక సంఘస్థులందరి ఓటుతో కాపరిని పిలుచుకొనేవారము, డీకనులను ఎన్నుకొనేవారము. కావున ఓటు నియమములలోని మంచి చెడ్డలు మన ఇంటి సంగతే.

ఒక స్థానిక పార్టీ సభ ఎట్లు జరుగుతుందో ముందుగా చూద్దాము. బ్లాకు స్థాయి సమావేశమనుకొందాము. షామియానా వేస్తారు, కుర్చీలు వేస్తారు. ముందు వరుసలో భూస్వాములు, కాంట్రాక్టర్లు, మాజీ సభ్యులు. వెనుక నిలుచున్నవారు జెండాలు మోసిన పిల్లలు, కూలి మానుకొని వచ్చినవారు. బెంగళూరు నుండి గాని జిల్లా కేంద్రము నుండి గాని పరిశీలకుడు వస్తారు. ఆయన రాకముందే మాటలు జరిగిపోయి ఉంటాయి. ఒక పేరు చదువుతారు. అభ్యంతరమున్నదా అని అడుగుతారు. ఎవరూ లేవరు. చప్పట్లు. దీనినే కన్నడములో ‘అవిరోధ ఆయ్కె’ అంటారు, మనము ఏకగ్రీవమంటాము. లేదా ఒక వాక్యపు తీర్మానము చేసి, నిర్ణయమును పై నాయకత్వమునకే అప్పగిస్తున్నామని పంపుతారు.

ఏకగ్రీవము తప్పని మేము అనము. తగవు లేకుండ మంచి మనిషిని అందరూ ఒప్పుకొంటే అంతకన్న ఏమి కావాలి? కాని అభ్యంతరమున్నదా అని అడిగినప్పుడు లేచి నిలుచుటకు ఎవరికి ధైర్యమున్నదో చూడవలెను. ముందు వరుసలో కూర్చున్న ఆసామి పొలములో రేపు కలుపు తీయవలసిన మనిషి వెనుక నిలుచుండి చేయి ఎత్తగలడా? అతని మౌనమును సమ్మతిగా లెక్కించుట లెక్కలో తేలిక, న్యాయములో తేలిక కాదు. రహస్య ఓటు పిరికివారికని పూర్వము ఇంగ్లండులో పెద్దమనుషులు ఎగతాళి చేసేవారు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా 1856లో అచ్చు వేసిన చీటీతో రహస్య ఓటును తెచ్చింది, ఇంగ్లండు 1872లో గాని ఒప్పుకొనలేదు. కౌలుదారులు యజమాని కన్నుల ఎదుట ఓటు చెప్పవలసి వచ్చినంత కాలము ఆ ఓటు యజమానిదే గాని కౌలుదారునిది కాదు.

పార్టీల లోపలి ఎన్నికలకు చట్టము ఏమి చెబుతుంది? చాల తక్కువ. 1951 నాటి ప్రజా ప్రాతినిధ్య చట్టములో 29ఏ అనే విభాగము 1989 నుండి అమలులో ఉన్నది. దాని ప్రకారము పార్టీ నమోదు కావాలంటే రాజ్యాంగమునకు, ప్రజాస్వామ్యమునకు కట్టుబడి ఉంటామని తన నియమావళిలో వ్రాసుకోవాలి. ఆ తరువాత ఆ మాట తప్పితే? పార్టీ మోసముతో నమోదు పొందిన సందర్భము వంటి కొన్నిటిలో తప్ప నమోదును రద్దు చేసే అధికారము ఎన్నికల సంఘమునకు లేదని 2002లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అంటే పార్టీ నియమావళి చాల వరకు పార్టీ తనకు తాను చేసుకొన్న వాగ్దానమే. 2022 జూలైలో గుంటూరు సమీపమున జరిగిన వై.ఎస్.ఆర్. కాంగ్రెసు ప్లీనరీలో అధ్యక్షుని జీవితకాలమునకు ఎన్నుకొన్నారని వార్తలు వచ్చినప్పుడు, శాశ్వత పదవి ప్రజాస్వామ్యమునకు విరుద్ధమని ఎన్నికల సంఘము ఆ సెప్టెంబరులో చెప్పి, ఆ మాటను స్పష్టముగా ఖండించమని పార్టీని ఆదేశించింది. అంతకు మించి చేయగలిగినది అంతగా లేదు.

ఇక లెక్క. పిల్లలకు లెక్కలు చెప్పే శిక్షణ పొందిన చేతులు గనుక కొంచెము ఓర్చుకొనండి.

నూరుగురు ప్రతినిధులున్నారు, ముగ్గురు పోటీ చేస్తున్నారు. మొదటి వానికి 40, రెండవ వానికి 35, మూడవ వానికి 25 ఓట్లు వచ్చాయి. ఎక్కువ ఎవరికి వస్తే వారే అనే నియమమైతే మొదటివాడు గెలిచాడు. కాని 60 మంది అతనిని కోరలేదు. సగము దాటవలెను అనే నియమము పెట్టి, ప్రతివారు చీటీలో రెండవ ఇష్టమును కూడ వ్రాయవలెనంటే ఏమవుతుంది? చివరివానిని తీసివేసి అతని 25 చీటీలలోని రెండవ పేరు చూస్తారు. అందులో 20 రెండవ వానికి, 5 మొదటివానికి పోయాయనుకొనండి. ఇప్పుడు రెండవవాడు 55, మొదటివాడు 45. మనుషులు వారే, మనసులు అవే, చీటీలు అవే. నియమము మారితే విజేత మారాడు. కావున ‘జనము అతనిని కోరుకొన్నారు’ అని ఎవరైన అంటే, ఏ నియమము ప్రకారము కోరుకొన్నారు అని అడుగుట వెటకారము కాదు.

పదిమంది కార్యవర్గమును ఎన్నుకొనునప్పుడు ఇది మరింత కఠినము. ప్రతి ఓటరుకు పది ఓట్లుంటే, నూటిలో 51 మంది ఒక కట్టుగా నిలిచి పదికి పది స్థానములు తీసుకొనగలరు. మిగిలిన 49 మందికి ఒక్కటి కూడ దక్కదు. అదే ఒక ఓటు బదిలీ అయ్యే పద్ధతి పెడితే, ప్రతివారు ఇష్టమైన క్రమములో పేర్లు వ్రాస్తే, పదిమంది ఒక మాట మీద ఉన్నా తమ మనిషిని ఒకరిని పంపుకొనగలరు. కాంగ్రెసు నియమావళిలో ప్రదేశ్ కమిటీ సభ్యులు అఖిల భారత కమిటీకి సభ్యులను పంపుటకు వ్రాసి ఉన్నది ఈ పద్ధతే. వ్రాసినది వేరు, జరిగేది వేరు అని మీరు నవ్వవచ్చును.

పోటీలోనికి ఎవరు రాగలరో కూడ నియమమే తేలుస్తుంది. కాంగ్రెసు అధ్యక్ష పదవికి పదిమంది ప్రతినిధులు పేరు ప్రతిపాదిస్తే చాలును. బి.జె.పి. నియమావళి ప్రకారము ఒక్కొక్క రాష్ట్రమునుండి ఇరవైమంది ఓటర్లు, అటువంటి ప్రతిపాదన కనీసము ఐదు రాష్ట్రముల నుండి రావలెను. గడప ఎంత ఎత్తుగా ఉంటే లోపల అంత ఏకగ్రీవము. కమ్యూనిస్టులలో పాత కమిటీయే కొత్త కమిటీకి పేర్ల పట్టిక పెడుతుంది, కాదన్నవారు వేరే పేరు చెప్పవచ్చును, అప్పుడు రహస్య ఓటు. 2025 ఏప్రిల్ లో మధురైలో జరిగిన సి.పి.ఎం. మహాసభలో మహారాష్ట్రకు చెందిన డి.ఎల్. కరాద్ అట్లే నిలిచి ఓడిపోయారు. ఓడిపోతానని తెలిసి నిలుచుట వృథా అని లోకము అంటుంది. ఆ చీటీల పెట్టె బయటికి వచ్చుటకైనా ఒకరు నిలువవలెను గదా.

2022లో కాంగ్రెసు అధ్యక్ష ఎన్నిక మన వాకిట్లోనే జరిగినట్లయింది. పోటీ చేసినవారిలో ఒకరు మన పొరుగు కలబురగి నాయకుడైన మల్లికార్జున ఖర్గే, మరొకరు శశి థరూర్. అక్టోబరు 17న ఓటు. అప్పుడు పాదయాత్రలో ఉన్న రాహుల్ గాంధీ బళ్లారి దగ్గర సంగనకల్లు శిబిరములోనే ఓటు వేశారు, కొద్ది దినములకు ఆ యాత్ర రాయచూరు మీదుగా తెలంగాణకు పోయింది. మొదట చీటీలో తమకు ఇష్టమైన పేరుకు ఎదురుగా ‘1’ అని వ్రాయమన్నారు. ఇద్దరే ఉన్నప్పుడు, చీటీలో మొదటి పేరు ఒకరిది, రెండవ పేరు మరొకరిది అయినప్పుడు ‘1’ అనే అంకె జనమును తికమక పెట్టునని థరూర్ పక్షమువారు అభ్యంతరము చెప్పారు. దానిని మార్చి టిక్కు గుర్తు పెట్టమన్నారు. చిన్న సంగతే, కాని అడిగితే మారింది. 9,385 ఓట్లు పడ్డాయి. ఖర్గేకు 7,897, థరూర్ కు 1,072. చెల్లనివి 416. చదువుకొన్న ప్రతినిధులే, సంవత్సరముల తరబడి ఊరూర ఓటు వేయుట నేర్పినవారే, 416 చీటీలు పాడు చేశారు. మన బిజినెస్ మీటింగులో ముసలి తల్లి చీటీ తప్పుగా మడిచిందని నవ్వే యౌవనస్థులు దీనిని గుర్తుంచుకొనవలెను.

ఓటు జరిగిన తరువాత ఓడిన పక్షము ఏమి చేయవలెను అనేది వేరొక ప్రశ్న. 1939 జనవరి 29న ప్రతినిధులు తమ తమ రాష్ట్రములలో ఓటు వేసి సుభాష్ చంద్ర బోసును మరల అధ్యక్షునిగా ఎన్నుకొన్నారు. ఆయనకు 1,580, మన మచిలీపట్నము డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యకు 1,377. పట్టాభి గాంధీజీ మద్దతుతో నిలిచినవారు. ఓటులో తేలిన దానిని ఆ మార్చిలో త్రిపురి మహాసభలో మరొక ఓటు తలక్రిందులు చేసింది. గాంధీజీ ఇష్టప్రకారమే కార్యవర్గమును నియమించవలెనని పంత్ ప్రతిపాదించిన తీర్మానము నెగ్గింది. గెలిచిన అధ్యక్షుడు తన కార్యవర్గమును తాను వేసుకొనలేక ఏప్రిల్ లో రాజీనామా చేశారు. రెండు ఓట్లూ నియమము ప్రకారమే జరిగాయి. ఒకదానిని ఒకటి చంపుకొన్నాయి. నియమము తప్పకుండనే మాట తప్పవచ్చునని దీనినిబట్టి మాకు తోచింది. పట్టాభిగారిని మనవాడని తలచుకొని గర్వించేవారము మనము, కాని ఆ సంవత్సరము న్యాయము బోసు పక్షముననే ఉన్నదని మా అభిప్రాయము.

మమ్మును ఎక్కువగా కలవరపెట్టే సంగతి 1992లో తిరుపతిలో జరిగినది. ఇందులో జవాబు అంత తేలికగా దొరకదు.

ప్రధానమంత్రి, కాంగ్రెసు అధ్యక్షుడు ఇద్దరూ అప్పుడు పి.వి. నరసింహారావుగారే. కరీంనగరు ప్రాంతపు వంగర మనిషి, మాకు తూర్పున ఉన్న నంద్యాల నుండి 1991లో లోక్ సభకు వెళ్లినవారు. చాల ఏండ్లుగా, ఇంచుమించు ఇరువది ఏండ్లుగా, ఆ పార్టీలో లోపలి ఎన్నికలు లేవు. అన్నీ నియామకములే. ఆయన కాలములో ఎన్నికలు జరిపించారు. ఏప్రిల్ లో తిరుపతి మహాసభలో కార్యవర్గమునకు పదిమందిని ఓటుతో ఎన్నుకొన్నారు. అర్జున్ సింగ్ కు అందరికన్న ఎక్కువ ఓట్లు వచ్చాయి, శరద్ పవార్ కూడ గెలిచారు. ఫలితము చూస్తే ఆ పదిమందిలో దళితుడు ఒక్కడు లేడు, గిరిజనుడు లేడు, స్త్రీ లేదు. ఏ దళితుల ఓట్లతో, ఏ స్త్రీల ఓట్లతో ఆ పార్టీ నలువది ఏండ్లకు పైగా బ్రతికిందో వారికి ఆ బల్ల దగ్గర చోటు దొరకలేదు. ఇది సరికాదని పి.వి.గారు చెప్పి, గెలిచినవారిచేత రాజీనామా చేయించారు. తరువాత కార్యవర్గమును మరల కూర్చారు. అర్జున్ సింగ్, శరద్ పవార్ ఈసారి నియమితులుగా లోపలికి వచ్చారు, ఎన్నికైనవారుగా కాదు.

మన సంఘములలో చాల మంది తాతలు ఊరి వెలుపల ఉండి, బావి దగ్గర ఎదురుచూచి, మిషను బడిలో ఓనమాలు దిద్దినవారు. ఆ పదిమంది పట్టిక పత్రికలో చూచినప్పుడు మనకు కలిగే నొప్పి కొత్తది కాదు. కావున పి.వి.గారు చెప్పిన కారణము విని ‘బాగు బాగు’ అనబుద్ధి అవుతుంది. ఓటు నిజముగానే జరిగింది, దొంగ చీటీలు లేవు, అయినను ఫలితము అన్యాయముగానే ఉన్నది. ఓటు ఎక్కువ వచ్చినంత మాత్రమున న్యాయము జరిగినట్లు కాదని చెప్పుటకు దీనికన్న మంచి నిదర్శనము మాకు తెలియదు.

అయితే రెండవ వైపు చూడండి. రాజీనామా చేయించిన తరువాత లాభపడినది ఎవరు? ఓట్లతో బలము తెచ్చుకొన్న ప్రత్యర్థులు ఇప్పుడు అధ్యక్షుని దయతో కూర్చున్నవారయ్యారు. ఆయన అసలు ఉద్దేశము ఇదేనని రాజకీయ పరిశీలకులు పలువురు వ్రాశారు. ఆయన హృదయమును చూచినవాడు దేవుడొక్కడే. మనుషులము అడుగదగినది ఒకటున్నది. దళితులకు, స్త్రీలకు చోటు కావాలని అంత పట్టుదల ఉంటే, ఓటుకు ముందే పదిలో మూడు స్థానములు వారికని నియమము ఎందుకు వ్రాయలేదు? ముందు వ్రాసిన నియమము అందరి మీద సమానముగా పడుతుంది, ఎవరు గెలుస్తారో తెలియకముందే పెట్టినది గనుక దాని మీద అనుమానము తక్కువ. ఫలితము చూచిన తరువాత తెచ్చిన న్యాయము పెద్దవాని చేతిలో కర్ర. ఈ దినము బలహీనుని పక్షమున ఎత్తినా, రేపు ఎవరి మీద పడునో చెప్పలేము. బలహీనుని పేరు చెప్పి బలవంతుడు తన పని చక్కబెట్టుకొనినప్పుడు బలహీనునికి రెండుసార్లు అన్యాయము జరుగుతుంది. ఒకసారి చోటు దొరకలేదు, రెండవసారి అతని పేరును వాడుకొన్నారు.

ముందుగా వ్రాయుట ఎట్లో అదే ప్రభుత్వమునకు తెలియక కాదు. అదే 1992 డిసెంబరులో పార్లమెంటు పంచాయతీల కొరకు 73వ రాజ్యాంగ సవరణను ఆమోదించింది, అది 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చింది. షెడ్యూల్డు కులములకు, తెగలకు జనాభానుబట్టి స్థానములు, స్త్రీలకు మూడవ వంతు. కర్ణాటక అంతకు ముందే, 1987 ఎన్నికలలోనే, స్త్రీలకు నాలుగవ వంతు ఇచ్చి చూపింది. మా దేవదుర్గ శాసనసభ స్థానము 2008 నుండి షెడ్యూల్డు తెగలకు రిజర్వు. ఇక్కడ ఎవరు గెలిచినా గిరిజనుడే గెలుస్తాడని ఓటు పడకముందే అందరికీ తెలుసు. 2023లో గెలిచినది ఒక స్త్రీ, కరెమ్మ నాయక్. ఎవరూ ఎవరిచేతా రాజీనామా చేయించవలసిన పని లేదు.

కాంగ్రెసువారు 2023 ఫిబ్రవరిలో రాయపూర్ లో తమ కార్యవర్గములో సగము స్థానములు దళితులు, గిరిజనులు, వెనుకబడినవారు, అల్పసంఖ్యాకులు, స్త్రీలు, యువకులకు అని నియమము వ్రాసుకొన్నారు. సంతోషము. అదే సభలో కార్యవర్గమునకు ఎన్నిక వద్దు, అధ్యక్షుడే నియమించును అని కూడ తీర్మానించారు. చోటు వచ్చింది, చీటీ పోయింది. తిరుపతిలో చీటీ వచ్చింది, చోటు పోయింది. రెండూ కలిపి ఇచ్చుటకు ఏ పెద్దలకైనా చేయి రాదేమో.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయములోని సంగతి ఇక్కడ మాకు జ్ఞాపకము వస్తుంది. అనుదిన పరిచర్యలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు మాటలాడేవారు సణిగారు. పన్నెండుమంది తామే ఏడుగురిని నియమించలేదు, సమూహమునే ఏర్పరచుకొనమన్నారు. అర్హతలను మాత్రము ముందే చెప్పారు. ఎన్నికైన ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. పేర్లనుబట్టి మనుషులను నిశ్చయముగా చెప్పలేము గాని, ఎక్కువమంది హెబ్రీయులున్న సంఘము, ఫిర్యాదు చేసినవారిలోనుండే ఆ ఏడుగురిని ఎన్నుకొన్నదని పండితులు పలువురు అంటారు. అర్హత ముందు, ఓటు తరువాత, ఓటు వేసిన చేతులు ఎక్కువవారివి, లాభము తక్కువవారికి. మత్తీయ విషయములో చీట్లు వేశారు, అది వేరు. తమిళ దేశములో ఉత్తరమేరూరు శాసనము కూడ, సుమారు 920 నాటిది, కుండలో తాటాకు చీట్లు వేసి బాలునిచేత తీయించిన పద్ధతిని చెబుతుంది. అక్కడా అర్హత ముందే. లెక్కలు అప్పజెప్పని వాని పేరు, వాని బంధువుల పేర్లు కుండలోనికే పోవు. మన సంఘముల కోశాధికారులు నవ్వుకొంటారేమో, మేము ఎవరినీ ఉద్దేశించి వ్రాయలేదు.

ఇక మన వలస సంఘముల సంగతి. తుంగభద్ర కాలువ వచ్చిన తరువాత సింధనూరు, మాన్వి, గంగావతి వైపు ఆంధ్ర క్యాంపులు వెలిశాయి. కృష్ణ నీరు నారాయణపురము కాలువలో వచ్చిన తరువాత మా వైపు కూడ తెలుగు మాట పెరిగింది. మనలో కొందరు భూమి కొనుటకు వచ్చినవారు, కొందరు ఆ భూములలో నాట్లు వేయుటకు వచ్చినవారు. ఆరాధనలో ఒకే చాప మీద కూర్చుంటాము. పార్టీవారు మాత్రము మనలను ఒక మూటగా చూస్తారు. క్యాంపులో ఇన్ని ఓట్లు, సంఘములో ఇన్ని ఓట్లు. బ్లాకు సమావేశమునకు ముందు, సభ్యత్వ పుస్తకములు నింపేటప్పుడు పెద్దల దగ్గరకు వస్తారు. ‘అయ్యగారూ, మీరు ఒక మాట చెబితే మీవాళ్లందరూ మావైపే గదా’ అంటారు. శ్మశానమునకు స్థలము, బోరు బావి, రోడ్డు వేయిస్తామంటారు. ఇవి అవసరములే. శవమును పాతిపెట్టుటకు చోటు లేక తిరిగిన కుటుంబమునకు ఆ మాట చిన్నది కాదు.

అయినను ఇతరుల ఓటును వాగ్దానము చేయుటకు పెద్దకు అధికారము ఎక్కడిది? సంఘము మనకు ఇచ్చినది ప్రభురాత్రి భోజనపు బల్ల దగ్గర సేవ, రోగుల దగ్గరకు పోవుట, తగవులు తీర్చుట. చీటీ ఇవ్వలేదు. భూమి ఉన్న పెద్ద, భూమి లేని సహోదరుని ఓటును కూడ తన మాటతో కలిపి కట్టినప్పుడు, షామియానా ముందు వరుసలో కూర్చున్న ఆసామికి మనకు తేడా ఏమున్నది? మేలు జరుగుతుంది గదా అంటారు. జరగవచ్చును. కాని మేలు ఏమిటో చెప్పవలసినవాడు ఆ సహోదరుడే. అతనికి శ్మశానము కన్న కూలి రేటు ముఖ్యము కావచ్చును, అతని భార్యకు సారా అంగడి మూయుట ముఖ్యము కావచ్చును. ఆమెను అడిగినవారు ఎవరు? మన బిజినెస్ మీటింగులలోనే, లెక్కలు చదివే వేళకు స్త్రీలు వంట పేరు చెప్పి ఇంటికి పోతున్నారు, పొమ్మంటున్నాము.

కావున మా దగ్గరకు వచ్చిన పార్టీవారికి, అది ఏ పార్టీయైనను, ఈ విధముగా చెప్పుచున్నాము. కూర్చోండి, టీ త్రాగండి. ఆదివారము ఆరాధన పదకొండున్నరకు ముగుస్తుంది. గేటు బయట వేపచెట్టు క్రింద నిలుచుండండి. వచ్చినవారిని ఒక్కొక్కరిని మీరే అడుగుకొనండి, స్త్రీలను వేరుగా అడగండి, వారు చెప్పినది వ్రాసుకొనండి. శ్మశానము అర్జీ మాత్రము మేము తహసీల్దారు కార్యాలయములో వేరుగా ఇస్తాము, దానికి ఓటుకు సంబంధము లేదు.